మండె కట్టిన చెయ్యి

మా అమ్మ చెయ్యి మంచిది కాదట. ఈ మాట చిన్నప్పట్నించీ వింటూనే ఉన్నాను గానీ, మైకులో వినడం మాత్రం మొన్ననే. పెదనాన్న బతికుంటే నూరేళ్ళు నిండేవని, ఆయన కొడుకు సూర్రావన్నయ్య మండపేటలో ఏసీ ఫంక్షన్ హాలు తీసుకుని బంధువులందర్నీ పిలిచాడు. రాజమండ్రి నించి అమ్మని కారులో తీసుకెళ్ళాను. స్టేజీ మీద పెదనాన్న ఫొటో, దానికి గజమాల, వెనకాల పెద్ద తెర. తెర మీద "మా వంశ చరిత్ర" అని వీడియో వేశారు. తాత, ముత్తాత, వాళ్ళ తాత, అందరికీ తలపాగాలూ మీసాలూ. ఆడవాళ్ళు పెళ్ళి ఫొటోల్లో పక్కన నించున్నారు కాబట్టి కనబడ్డారు, లేకపోతే ఆ వంశంలో పిల్లలు చెట్లకి కాశారనుకోవాలి. వీడియో అయ్యాక అన్నయ్య మైకు పుచ్చుకున్నాడు. "ఒక ఏడు మా పిన్ని మండె కట్టిందండీ. విత్తనం విత్తనమంతా కుళ్ళిపోయింది. ఊరంతా నారు పోసేసుకుంటే మా మడి ఖాళీ. ఇంకోళ్ళయితే నెత్తిన చేతులు పెట్టుకునేవారు. నాన్నగారు బళ్ళు కట్టించుకుని ధవళేశ్వరం దాకా వెళ్ళి, నారు తెచ్చి ఊడ్పులు చేయించారు. పిన్నిని పల్లెత్తు మాట అనలేదు. మా మరదలి చెయ్యి అలాంటిది, ఏం చేస్తాం అని నవ్వేసి ఊరుకున్నారు. అదండీ మా నాన్నగారి మనసు!" హాలంతా నవ్వింది, చప్పట్లు కొట్టింది. ముందు వరసలో నా పక్కన కూర్చున్న అమ్మ, ఎనభై దాటిన మనిషి, రెండు చేతులూ పమిట కొంగు కిందికి తీసుకుంది. ఆ చేతులు అలా దాక్కోవడం చూసేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట ఇంకా చల్లారలేదు, అందుకే రాస్తున్నాను.

మండె అంటే ఈ కాలం పిల్లలకి తెలియదు. విత్తనాల వడ్లని నానబెట్టి, గడ్డిలో కప్పెట్టి, మొలక తెప్పించడాన్ని మండె కట్టడం అంటారు. ధవళేశ్వరంలో కాలవలకి నీళ్ళు వదిలారట అని కబురు తెలిస్తే చాలు, మా ఇంట్లో హడావిడి మొదలయ్యేది. విత్తనం కోసం విడిగా వడ్లు దాచిన పురి విప్పేవారు. గడ్డితాడు చుట్లు చుట్లుగా కట్టిన ఆ పురి విప్పుతుంటే ఏడాదిపాటు లోపల దాక్కున్న దుమ్మూ, ఎండిన వేపాకు ఘాటూ కలిసి ఇల్లంతా తుమ్ములే. అమ్మ వడ్లు చెరిగి, తాలు పోగొట్టి, గోనెసంచుల్లో పోయించి నానేయించేది. మర్నాడు సంచులు పైకి తీసి, నీళ్ళు ఓడాక, పశువుల సావిట్లో ఒక వార తడిగడ్డి పరిచి వడ్లు కుప్ప పోయించేది. పైన మళ్ళీ గడ్డి, గడ్డి మీద గోనెలు, గోనెల మీద బరువుకి రాళ్ళు. ఇక అక్కడినించి బాలింత దగ్గర ఉన్నట్టే ఉండాలి. లోపల గింజ మొలకెత్తుతుంటే వేడి పుడుతుంది. ఆ వేడి చాలకపోతే మొలక రాదు, మించిపోతే గింజ ఉడికి చస్తుంది. అమ్మ గాజులు పైకి తోసుకుని మోచెయ్యి దాకా కుప్పలోకి దూర్చేది. కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ఆగేది. గోరువెచ్చగా ఉంటే ఊరుకునేది, చురుక్కుమంటే గోనెలు తీయించి, నీళ్ళు చిలకరించి, పైవి కిందకీ కిందవి పైకీ కలిపేది. చెయ్యి బయటికి తీసి వాసన చూసేది. నానిన వడ్లకి కమ్మటి వాసన ఉంటుంది, అప్పుడే వార్చిన గంజిలాగా. ఆ వాసన నాకు ఎంత ఇష్టమంటే, అమ్మ ఒళ్ళో పడుకుని ఆవిడ చేతిని ముక్కు దగ్గర పెట్టుకునేదాన్ని.

ఆ చేతులు చేసే పనులు ఒకటా రెండా? తెల్లారకుండానే పేడకళ్ళు తియ్యడం, కళ్ళాపి, గేదెలకి కుడితి, పాలు పిండడం, పొలానికి వెళ్ళేవాళ్ళకి చద్దన్నాలు సర్దడం, మధ్యాహ్నం కూలీలకి వండి పంపడం, సాయంత్రం పిడకలు. కోతల్లో కళ్ళంలో ధాన్యం ఎగరబోసేటప్పుడు చేట ఆవిడ చేతిలోనే. అయినా ఊళ్ళో ఎవరైనా "మీ ఆవిడ ఏం చేస్తారండీ" అని అడిగితే మా నాన్న "ఏముందండీ, ఇంట్లోనే ఉంటుంది" అనేవాడు. ఇంట్లోనే ఉంటుందట! మొన్న వీడియోలో కూడా అమ్మ ఫొటో కింద "ఆదర్శ గృహిణి" అని వేశారు. దాని పక్కనే, గొడుగు వేసుకుని గట్టు మీద తిరగడం తప్ప నా కళ్ళతో నేను నాగలి పట్టగా చూడని పెదనాన్న ఫొటో కింద "ఆదర్శ రైతు" అని వేశారు. సొమ్మొకడిది, సోకొకడిది.

మా ఇంట్లో ఇంకో పద్ధతి ఉండేది. చిన్నకోడలు బావగారి ఎదట పడకూడదు, నేరుగా మాట్లాడకూడదు. పెదనాన్న వీధి అరుగు మీద కూర్చుంటే అమ్మ గుమ్మం వెనకాల నించుని, తలుపు రెక్కకి చెప్పినట్టు మెల్లిగా చెప్పేది. ఎదురుగా మామ్మ ఉంటే మామ్మ, లేకపోతే నేను, ఆ మాట మోసుకెళ్ళి అరుగు మీద పడెయ్యాలి. పదడుగుల దూరం నించి ఆ మాట ఆయన చెవుల్లో పడుతూనే ఉండేది. అయినా మేం చెప్పేదాకా విననట్టే కూర్చునేవాడు. జవాబు కూడా అలాగే, "మీ అమ్మకి చెప్పు" అని. ఇది మర్యాదట. పెదనాన్న భార్యని మేం దొడ్డమ్మ అనేవాళ్ళం. ఆవిడ మా నాన్నతో ఇకఇకలు పకపకలు ఆడొచ్చు, వదిన కాబట్టి. అమ్మకి మాత్రం తలుపు చాటే.

ఆ ఏడు మండె ఎప్పట్లాగే అమ్మే కట్టింది. సోమవారం పొద్దుపోయేటప్పటికి గింజలకి తెల్లటి ముక్కులు కనబడ్డాయి. మర్నాడు పొద్దున్నే మడిలో చల్లెయ్యాలి. దమ్ము చేసిన మడి సిద్ధంగా ఉంది, మనుషులకి కూడా చెప్పేశారు. మంగళవారం పొద్దున్న పెదనాన్న స్నానం చేసి వచ్చి, "ఇవాళ మంగళవారం కదా! మంగళవారం ఇంట్లోంచి విత్తనం గడప దాటడమేంటి? రేపు తెల్లారగట్ల మంచి ఘడియ ఉంది, అప్పుడు చల్లుదాం" అన్నాడు. మరి మండె కట్టేటప్పుడు లెక్క చూసుకోవద్దా? చూసుకోవాల్సింది ఆయనే, మంచి చెడ్డలన్నీ ఆయన చేతిలోవే. మర్చిపోయాడు. మర్చిపోయానని ఒప్పుకుంటే పెద్దరికం ఏమైపోవాలి?

అమ్మ గుమ్మం వెనక్కి వచ్చింది. నన్ను పిలిచి, "రేపటిదాకా ఆగాలంటే మండె ఇప్పుడే విప్పేసి, నేలమీద పల్చగా ఆరబొయ్యాలి, లేకపోతే ఉడికిపోతుంది అని మీ పెదనాన్నకి చెప్పు" అంది. నేను వెళ్ళి చెప్పాను. ఆయన చుట్ట వెలిగించుకుంటూ, "మంచి ఘడియలో విప్పాల్సిన మండె మంగళవారంనాడు విప్పుతారా? మీ అమ్మని వంట చూసుకోమను" అన్నాడు. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ వచ్చాను. ఈసారి అమ్మ, "పోనీ రాళ్ళూ గోనెలూ తీసేసి నీళ్ళన్నా చిలకరించనివ్వమను" అంది. ఆయన నా మాట పూర్తవకుండానే లేచి, నులకమంచం లాక్కొచ్చి పశువుల సావిడి గుమ్మానికి అడ్డంగా వేసుకుని దాని మీద పడుకున్నాడు. అంతే, అయిపోయింది. బావగారు పడుకున్న మంచం దాటి కోడలు లోపలికి ఎలా వెళ్తుంది? మధ్యాహ్నానికి వాసన మొదలైంది. గంజి వాసన పోయి, పులిసిన కుడితి వాసన. లోపల వేడి ఎంతుందోనని అమ్మ దొడ్డివైపు సావిడి గోడని అరచేత్తో తడిమి చూసింది. మామ్మ దగ్గరికెళ్ళి, "అత్తయ్యా, మీరన్నా చెప్పండి, విత్తనం చచ్చిపోతోంది" అని బతిమాలింది. మామ్మ తులసికోట దగ్గర వత్తులు చేసుకుంటూ, "పెద్దాడు అన్నాక అన్నాడే, వాడి మాటకి ఎదురెవరు చెప్తారు" అంది. మా నాన్న అక్కడే ఉన్నాడు. విత్తనం ఉడికితే ఏమవుతుందో నాన్నకి తెలుసు. పలుపుతాడు పేనుకుంటూ కూర్చున్నాడు, తలెత్తలేదు. సూర్రావన్నయ్య కూడా అక్కడే ఉన్నాడు, మీసాలొస్తున్న వయసు. పెదనాన్న మంచం కోడు పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతున్నాడు. నేను మోసుకెళ్ళిన మాటలన్నీ వాడి చెవిన పడ్డాయి.

బుధవారం తెల్లారగట్ల కొబ్బరికాయ కొట్టి మండె విప్పారు. గోనెలు తియ్యగానే గుప్పున ఆవిరి లేచింది. మొలకలు పొడుగ్గా సాగి, ఒకదానికొకటి చిక్కులు పడి, గోధుమరంగుకి తిరిగిపోయాయి. చేత్తో పట్టుకుంటే జిగురు. కూలికొచ్చిన మగవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. పెదనాన్న ఆ కుప్పకేసి చూశాడు, ఆ మనుషులకేసి చూశాడు. ఊరి పెద్దమనిషి కదా, ఏదో ఒకటి అనాలి. "ఎవరు కట్టారీ మండె?" అన్నాడు. చూశారా! ఎవరు విప్పనివ్వలేదని కాదు, ఎవరు కట్టారని. అందరూ అమ్మ నించున్న గుమ్మం వైపు చూశారు. దొడ్డమ్మ బుగ్గ మీద వేలేసుకుని, "కొన్ని చేతులంతే" అంది. ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికెవడో. మా ఇంట్లో మద్దెల మా అమ్మ.

ఆ తర్వాత పెదనాన్న నారు తెచ్చిన మాట నిజమే. బారేజీ దగ్గరి ఊళ్ళకి నీళ్ళు ముందొస్తాయి కాబట్టి అక్కడ నారు మిగులుతుంది, అడిగితే ఇస్తారు. తన చేత్తో ఇంటికి నిప్పంటించి, తనే నీళ్ళబిందె పట్టుకొచ్చినవాడికి ఊరు దణ్ణం పెట్టింది. అమ్మ చేతికి మాత్రం పేరు పడిపోయింది. పేరంటే అది ఆ ఒక్క మండెతో ఆగిందా? విత్తనం ముట్టుకోవద్దన్నారు. ఊడ్పుల్లో మొదటి నారుకట్ట దొడ్డమ్మ చేతికిచ్చారు. వేసవిలో ఆవకాయ కలిపేటప్పుడు ముక్కలు తుడవడం, ఆవాలు ఎండబెట్టి దంచడం, కారం జల్లించడం అన్నీ అమ్మే. తీరా నూనె పోసి కలిపే వేళకి, "నువ్వు లేవమ్మా, జాడీ బూజు పడితే ఏడాదంతా ఇబ్బంది" అని మామ్మ పక్కకి జరిపేది. పాలు తోడెయ్యడానికి కూడా ఆ చెయ్యి పనికిరాలేదు. పేడ తియ్యడానికి పనికొచ్చింది. కూలీలకి వండి వడ్డించడానికి పనికొచ్చింది. మామ్మ మంచాన పడితే ఎత్తి, కడిగి, నోట్లో జావ పొయ్యడానికి పనికొచ్చింది. ఆ జావ తాగినప్పుడు చెయ్యి మంచిదో చెడ్డదో ఎవరికీ గుర్తు రాలేదు, ఏం చిత్రమో మరి.

అన్నదమ్ములు వేరుపడ్డాక, ఇంక మా ఇల్లు మాది, అమ్మ చెయ్యి అమ్మది అనుకున్నాను. నా మొహం! మండె మళ్ళీ అమ్మ చేతే కట్టించాడు నాన్న. మొలకలు ముత్యాల్లా వచ్చాయి. తీరా మడిలో మొదటి గుప్పెడు చల్లే వేళకి పక్కింటావిడని పిలుచుకొచ్చాడు. "శుభమా అని మొదలెడుతున్నాం, ఎందుకొచ్చిన అనుమానం" అన్నాడు. ఆ మంగళవారం పలుపు పేనుతూ కూర్చున్న మనిషే, అన్నీ తెలిసిన మనిషే, ఆ మాటన్నాడు. అమ్మ ఆ పక్కింటావిడ కాళ్ళకి పసుపు రాసి, బొట్టుపెట్టి, విత్తనాల బుట్ట అందించింది. ప్రతి ఏడూ అందించింది. పెదనాన్న మీద నాకున్నది కోపం. నాన్న మీద ఉన్నదాన్ని ఏమనాలో నాకిప్పటికీ తెలియదు. మంచివాడు, ఒక్కనాడు చెయ్యెత్తి ఎరగడు, అందుకే ఇంకా బాధ.

ఇప్పుడు ఆ ఊళ్ళో విత్తనాలు బస్తాల్లో వస్తున్నాయి. నారు ట్రేలలో పెంచి మిషన్లతో నాటుతున్నారు, మందు డ్రోన్ చల్లుతోంది. పురులు లేవు, సావిళ్ళు పడగొట్టి కార్లు పెట్టుకుంటున్నారు. కోడళ్ళు స్కూటీల మీద బ్యాంకులకి వెళ్ళి మేనేజర్లతో గట్టిగా మాట్లాడి వస్తున్నారు, చూస్తే నాకెంతో హాయిగా ఉంటుంది. మంగళవారం సంగతి ఎవరికీ పట్టదు, మిషను ఏ రోజు దొరికితే ఆ రోజే మంచిరోజు. ఇన్ని మారాయి కదా, మా అమ్మ మీద వేసిన మాట మాత్రం ఎందుకు మారలేదు? అప్పుడు అరుగు మీద అన్నదాన్ని ఇప్పుడు తెరల మీద వేసి, పాటలు కలిపి, భోజనాలతో సహా వడ్డిస్తున్నారు. రేపు ఆ వీడియో మనవలందరి ఫోన్లలోకీ వెళ్తుంది. మా అమ్మని ఎరగని పిల్లలు కూడా, "ఓహో, విత్తనం పాడుచేసిన ముసలావిడ" అనుకుంటారు. అమ్మ పోయాక మిగిలేది అదొక్కటే.

అందుకే మొన్న హాల్లో నవ్వులు ఆగేలోగా నేను కుర్చీలోంచి లేచాను. నోటికి ఏదొస్తే అది అందామనే లేచాను. ఈలోగా సూర్రావన్నయ్య, "మా నాన్నగారి మనసే నాకూ వచ్చింది. ఈ ఏడు మా పొలంలో వేసే విత్తనం పిన్ని చేతుల మీదుగానే మొదలెడతాం. పాత మాటలన్నీ ఈ వేదిక మీదే చెరిపేద్దాం" అని, వెండిపళ్ళెంలో వడ్లూ, శాలువా మనుషుల చేత పట్టించుకుని, మైకుతోనే కిందికి దిగొచ్చాడు. కెమెరాలు వెంటపడ్డాయి. నాన్న పోయాడు కదా, భర్త పోయినావిడ చేత విత్తనం పట్టించకూడదన్న పట్టింపు కూడా ఆ లైట్ల ముందు ఎగిరిపోయింది. మళ్ళీ చప్పట్లు. చెయ్యి చెడ్డదని అన్నదీ వాళ్ళే, పోనీలే అని క్షమించేదీ వాళ్ళే!

"కూర్చోవే అమ్మడూ" అంది అమ్మ. నా భుజం పట్టుకుని తనే లేచింది. శాలువా కప్పబోతే చేత్తో పక్కకి నెట్టింది. వడ్లపళ్ళెం కేసి చూడనుకూడా లేదు. ఎదురుగా స్టేజీ మీద నిలువెత్తు ఫొటోలో బావగారున్నారు. ఆ మనిషి ఎదట అమ్మ తలెత్తి నించోవడం నేనెప్పుడూ చూడలేదు.

"సూర్రావూ, ఆ రోజు మండె విప్పొద్దన్నదెవర్రా?" అంది.

"పాత సంగతులు ఇప్పుడెందుకులే పిన్నీ" అని అన్నయ్య నవ్వబోయాడు.

"మొదలెట్టింది నువ్వు కదరా. సావిడి గుమ్మానికి మంచం అడ్డంగా వేసుకున్నదెవరు? పక్కన కూర్చుని విసిరింది నువ్వే కదా, చెప్పు."

అన్నయ్య మొహం కందగడ్డయింది. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "నాన్నగారు పోయి ఎన్నేళ్ళయింది పిన్నీ. పోయినవాళ్ళని అనడం బాగుంటుందా?" అన్నాడు.

"పోయినవాళ్ళని అనకూడదు, బతికున్నదాన్ని అనొచ్చేంట్రా?"

చప్పట్లు కొట్టినవాళ్ళంతా ఒళ్ళో ఫోన్లు చూసుకోవడం మొదలెట్టారు. అన్నయ్య మైకు కిందికి దించి, అమ్మ చెవి దగ్గరికి వంగి, "నాన్నగారే వద్దన్నారు పిన్నీ. నీ తప్పేం లేదు, నాకు తెలుసు" అన్నాడు. మెల్లిగా, ఆవిడకీ పక్కనున్న నాకూ తప్ప ఇంకెవరికీ వినబడకుండా.

అమ్మ వాడి చేతిలో ఉన్న మైకు మీద వేలు పెట్టింది.

"ఇందులో చెప్పు" అంది.